మీరు ఇంట్లో లేని రోజు

ఊరెళ్లే ముందు మన ఇళ్లలో జరిగే తంతు ఎక్కడైనా ఒకటే. గ్యాస్ రెగ్యులేటర్ కట్టేస్తాం, కుళాయిలు బిగిస్తాం, కిటికీ గడియలు రెండోసారి చూసుకుంటాం. చెప్పులు వేసుకున్నాక మళ్లీ లోపలికొచ్చి మెయిన్ ఆపేస్తాం. తాళం నాలుగుసార్లు లాగి చూస్తేగానీ ఆటో ఎక్కం. ఈ జాగ్రత్తంతా మనం లేనప్పుడు ఇంట్లో ఏమీ జరగకూడదని. ఏమీ జరగకుండా చూసుకోవడంలో మనవాళ్లు దిట్టలే. మనం లేనప్పుడు ఒక పని జరిగి తీరాలి అన్నప్పుడే చిక్కొచ్చి పడుతుంది.

ఈ అధ్యాయం ఆ రెండో రకం పని గురించి. దానికి నేను ఎంచుకున్న ఉదాహరణ చాలా చిన్నది. ఒక పాత సెట్‌టాప్ బాక్సు కొని, మనం ఊళ్లో లేని రోజున టీవీలో వచ్చే కార్యక్రమాన్ని దానిచేత రికార్డు చేయించుకోవడం. మనిషికి పని అప్పగించి ఊరెళితే, అది చెడినప్పుడు తప్పెవరిదో తేల్చడానికే ఓ పంచాయితీ పెట్టాలి. బాక్సుతో ఆ గొడవ లేదు. తిరిగొచ్చి చూస్తే పెన్‌డ్రైవ్‌లో ఫైలు ఉంటుంది, లేదా ఉండదు. నేర్చుకోవడానికి ఇంత నిక్కచ్చిగా మార్కులు వేసే పని దొరకడం కష్టం.

ఒక సందర్భం అనుకుందాం. శ్రీరామనవమి. భద్రాచలంలో సీతారాముల కల్యాణం. దూరదర్శన్ యాదగిరి ప్రత్యక్ష ప్రసారం ఇస్తుంది. మీ అత్తగారు ఏటా టీవీ ముందు పీట వేసుకుని, పళ్లెంలో అక్షింతలు పెట్టుకుని చూస్తారు. ముహూర్తం వేళకి నాలుగు గింజలు టీవీ మీద చల్లుతారు కూడా. ఈసారి ఆ రోజుకి ఇంటిల్లిపాదీ బెంగళూరులో ఉండాలి, మనవరాలి బారసాల. ఆవిడ పైకి ఏమీ అనరు. "పర్లేదులే" అంటారు. ఆ పర్లేదులే వెనక ఎంత ఉందో మీకు తెలుసు.

ముందు ఒక సంగతి తేల్చుకోండి. అసలు రికార్డు చేయాల్సిన అవసరం ఉందా? దూరదర్శన్ కేంద్రాల కార్యక్రమాలు బోలెడన్ని యూట్యూబ్‌లో దొరుకుతున్నాయి. ప్రసార భారతి 2024 నవంబరులో వేవ్స్ అనే యాప్ కూడా తెచ్చింది. ఫోన్‌లో చూసి తృప్తిపడేవాళ్లకి బాక్సు కొనడం దండగ. వైఫై లేని ఇళ్లవాళ్లకి, సెల్ సిగ్నల్ కోసం డాబా ఎక్కే పల్లెటూళ్లవాళ్లకి, పెద్ద తెర మీద మొదట్నుంచి చివరిదాకా చూస్తేనే చూసినట్టు అనుకునే పెద్దవాళ్లకి మాత్రం రికార్డింగ్ ఇప్పటికీ అక్కరకొస్తుంది. మీ అమ్మాయి ప్రాంతీయ చానెల్లో నాలుగు నిమిషాలు కూచిపూడి చేసిందనుకోండి, మళ్లీ వేస్తారో వేయరో తెలియదు. అప్పుడూ అంతే. కానీ, ఉంటే పడుంటుందిలే అని వారం రోజుల సీరియళ్లన్నిటికీ టైమర్ పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. ఊళ్లో ఉండగా చూడ్డానికి లేని తీరిక తిరిగొచ్చాక ఎక్కణ్నుంచి వస్తుంది? ఒక్క కార్యక్రమం ఎంచుకోండి. దాని కోసమే ఈ శ్రమంతా.

ఇలా రికార్డు చేసుకోవడం నేరమేమో అని కొందరికి బెరుకు. 1957 నాటి కాపీరైట్ చట్టం 39వ సెక్షన్‌లో, సొంత వాడకం కోసం ప్రసారాన్ని రికార్డు చేసుకుంటే ప్రసార సంస్థ హక్కుకి భంగం కలిగించినట్టు కాదని ఉంది. సొంత వాడకం వరకే. దాన్ని తీసుకెళ్లి మీ యూట్యూబ్ చానెల్లో పెడితే లెక్క వేరు.

ఏ బాక్సు కొనాలి

సెకండ్‌హ్యాండ్ అనగానే చాలామంది చూపు డీటీహెచ్ కంపెనీల రికార్డర్ బాక్సుల మీదికి పోతుంది. 2008లో టాటా స్కై ప్లస్ వచ్చినప్పుడు అదో వింత. లోపలే హార్డ్‌డిస్క్, చూస్తున్న ప్రసారాన్ని ఆపి మళ్లీ అక్కణ్నుంచే చూడొచ్చు. తర్వాత మిగతా కంపెనీలూ తెచ్చాయి. అవి ఇప్పుడు పాత సామాన్ల దుకాణాల్లో చవగ్గా కనిపిస్తాయి. కొనకండి. ఆ బాక్సు దాని కార్డుతో, ఆ కార్డు ఒకరి ఖాతాతో ముడిపడి ఉంటుంది. రీచార్జ్ లేకపోతే చానెల్ రాదు. రికార్డు చేసింది కూడా గుప్తలిపిలో, ఆ బాక్సుకే కట్టుబడి ఉంటుంది. పైగా కొన్ని బాక్సులు కంపెనీ అద్దెకిచ్చినవి, అమ్మినవాడికే వాటి మీద హక్కుండదు. ఒక కంపెనీ బాక్సు ఇంకో కంపెనీకి పనికొచ్చేలా చేయమని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020లో సిఫారసు చేసింది గానీ, పాత బాక్సులకి దానివల్ల ఒరిగిందేమీ లేదు.

మన పనికి కావాల్సింది నెల చందా లేని బాక్సు, అంటే డీడీ ఫ్రీ డిష్ ప్రసారాలు పట్టేది. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ అన్న పేరుతో మొదలైన సేవ ఇది. ఒకసారి సామాను కొంటే అంతే, తర్వాత కట్టేదేమీ లేదు. యాదగిరి, సప్తగిరి రెండూ ఇందులో వస్తాయి. ప్రైవేటు తెలుగు చానెళ్ల మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. చోటు వేలంలో కొనుక్కున్నవాళ్లే ఉంటారు, జాబితా ఏటా మారుతుంది. బాక్సు మాత్రం ఎంపెగ్-4 రకం అయ్యుండాలి. పాత ఎంపెగ్-2 బాక్సు ఎంత చవగ్గా వచ్చినా వద్దు, దానికి సగం చానెళ్లు కనపడవు.

హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో ఇలాంటి సామాను దొరుకుతుంది. ఆదివారం ఎర్రగడ్డ సంతలోనూ బాక్సులు కుప్పలుగా పోసి ఉంటాయి గానీ, అక్కడ కరెంటు పెట్టి చూపించేవాడు ఉండడు. కరెంటు, డిష్ కనెక్షన్ ఉన్న దుకాణానికే వెళ్లండి. సంభాషణ ఇలా సాగుతుంది.

"భాయ్, ఇందులో రికార్డింగ్ వస్తదా?"

"వస్తది సార్. పెన్‌డ్రైవ్ పెట్టుకుంటే చాలు."

"అయితే పెట్టి చూపించు. పెన్‌డ్రైవ్ నేనే తెచ్చిన."

చాలామంది ఈ మూడో మాట అనరు. అనాలి. యూఎస్‌బీ రంధ్రం ఉన్న ప్రతి బాక్సూ రికార్డు చేయదు. కొన్నిటికి అది పాటలు, సినిమాలు ఆడించడానికే. మీకు కావాల్సిన చానెల్ పెట్టించి ఐదు నిమిషాలు రికార్డు చేయించండి. ఆపి, వెనక్కి ఆడించి చూడండి. బొమ్మా మాటా కలిసి వస్తున్నాయా? ఆ తర్వాత ప్లగ్ పీకేయమనండి. దుకాణదారుడు కాస్త చిరాకు పడతాడు, పడనివ్వండి. మళ్లీ పెట్టినప్పుడు బాక్సు దానంతటదే లేచి పాత చానెల్‌కి వస్తోందా, స్టాండ్‌బైలో ఎర్ర లైటు పెట్టుకుని పడుకుంటోందా చూసుకోండి. దానంతటదే లేచే బాక్సుకి నూరు రూపాయలు ఎక్కువ అడిగినా ఇచ్చేయండి. ఎందుకో కరెంటు దగ్గరికొచ్చాక చెబుతాను.

రిమోట్ దానిదే కావాలి. బయట దొరికే అన్నిటికీ పనిచేసే రిమోట్‌లలో రికార్డు బటన్ ఉండదు, టైమర్ మెనూలోకి పోయే దారీ ఉండదు. అడాప్టర్ మీద ఎన్ని వోల్టులో, ఎన్ని ఆంపియర్లో చదివి, బాక్సు వెనక రాసిన దానితో సరిచూడండి. పాత దుకాణాల్లో ఏ అడాప్టర్ ఏ బాక్సుకి జత చేస్తారో దేవుడికే తెలియాలి. మూత విప్పడానికి ఒప్పుకుంటే లోపల సన్నటి డబ్బాల్లా నిలబడి ఉండే కెపాసిటర్ల తల చూడండి. చదునుగా ఉండాలి. ఉబ్బి ఉంటే ఆ బాక్సు కొంతకాలానికి తనంతట తానే ఆగి మొదలవుతూ ఉంటుంది. బొద్దింకల సంసారం, ఎండిన బల్లి కనపడటం మామూలే. వాటికి దులిపితే సరిపోతుంది, ఉబ్బిన కెపాసిటర్‌కి సరిపోదు.

డిష్ ఎటు చూడాలి

ఈ ప్రసారాలు జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తాయి. భూమధ్యరేఖకి పైన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంటుంది. హైదరాబాద్ నుంచి చూస్తే అది ఆగ్నేయంలో, నేలకి సుమారు 63 డిగ్రీల ఎత్తులో. విజయవాడలో ఇంకో రెండు డిగ్రీలు పైకి. వాస్తువాళ్లు వంటింటికి కేటాయించిన మూల అన్నమాట. ఆ వైపు కొబ్బరి చెట్టు, నీళ్ల ట్యాంకు, కొత్తగా లేచిన అపార్ట్‌మెంటు అడ్డు ఉండకూడదు. ఇంటి మీద పాత డిష్ టీవీ డిష్ తుప్పు పట్టకుండా ఉంటే కొత్తది కొనక్కర్లేదు. అది 95 డిగ్రీల ఉపగ్రహాన్ని చూస్తుంటుంది కాబట్టి ఒక్క పిసరు జరిపితే సరిపోతుంది. ఈ పనికి మాత్రం డిష్ బిగించే కుర్రాణ్ని పిలవడమే మేలు. మీటర్ పెట్టి పది నిమిషాల్లో పట్టేస్తాడు. మీరు డాబా మీద ఒకరు, టీవీ ముందు ఒకరు నిలబడి "వచ్చిందా?" "పోయింది!" అని అరుచుకుంటే సాయంత్రం అవుతుంది.

అతను వెళ్లే ముందు కేబుల్ చివర్లు చూడండి. డిష్ ముందు సిగ్నల్ అందుకునే ఎల్ఎన్‌బీకి బిగించే చోట కనెక్టర్ చేత్తో తిప్పితే కదలకూడదు. వైరు ఎల్ఎన్‌బీలోంచి నేరుగా కిందికి జారకుండా, ఒక వంపు తిరిగి కిందికి వెళ్లాలి. అప్పుడు వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, లోపలికి పోవు. సిగ్నల్ నాణ్యత అంకె ఎండపూట ఎంతుందో రాసి పెట్టుకోండి. ఈ కేయూ బ్యాండ్ ప్రసారాలకి జోరువాన గిట్టదు. ఎండలోనే అంచున ఉన్న సిగ్నల్ మబ్బు పట్టగానే పోతుంది.

వాన ఒక్కటే కాదు, సూర్యుడూ అడ్డొస్తాడు. ఏటా రెండుసార్లు, మన దగ్గర మార్చి నడిమిలోనూ, మళ్లీ సెప్టెంబరు ఆఖరు, అక్టోబరు మొదట్లోనూ, కొద్దిరోజుల పాటు పొద్దున పదకొండు ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. కొన్ని నిమిషాలు బొమ్మ చెదిరిపోయి మళ్లీ వస్తుంది. బాక్సు చెడిందనుకుని సెట్టింగులు కెలక్కండి.

గడియారం, టైమర్

పాత బాక్సుని ఇంటికి తేగానే చేయాల్సిన పని ఫ్యాక్టరీ రీసెట్. పాత యజమాని పెట్టుకున్న లాక్, మార్చిన ఎల్ఎన్‌బీ సెట్టింగులు, ఎప్పుడో పెట్టి మరిచిపోయిన టైమర్లు అన్నీ పోతాయి. ఎవరో రోజూ పొద్దున పదిన్నరకి ఏదో చానెల్‌కి టైమర్ పెట్టుకున్నారనుకోండి. మీ కల్యాణం మధ్యలో బాక్సు నమ్మకంగా అటు తిరిగి కూర్చుంటుంది. రీసెట్ తర్వాత ఎల్ఎన్‌బీ రకం యూనివర్సల్, అంటే 9750/10600 అని ఉండేలా చూసి చానెళ్లు వెతికించండి. సింబల్ రేటు అడిగితే 29500, ధ్రువణం అడిగితే వర్టికల్.

గడియారం మీద ఎక్కువ సేపు కూర్చోండి. బాక్సు తన టైమ్‌ని ఉపగ్రహం నుంచి అంతర్జాతీయ సమయంలో తీసుకుంటుంది, దానికి మన 5.30 గంటలు కలుపుకోవాలి. ఆ కలపడం మీరు చెప్పాలి. జోన్ సున్నా దగ్గర ఉంటే, పదింటికి పెట్టిన టైమర్ మనకి మధ్యాహ్నం మూడున్నరకి మొదలవుతుంది. అప్పటికి తలంబ్రాలు అయిపోయి, భక్తులు ప్రసాదం క్యూ కూడా దాటేసి ఉంటారు. గడియారాన్ని చేత్తో దిద్దే అవకాశం ఉన్నా దాని జోలికి పోకండి. చేత్తో దిద్దిన గడియారం ఒక్కసారి కరెంటు పోతే మళ్లీ మొదటికి వస్తుంది.

టైమర్ పెట్టే తెర మీద ఒక చిన్న గడి ఉంటుంది, చాలా బాక్సుల్లో దాన్ని ఎవరూ చూడరు. పని ఏమిటి అని అడిగే గడి. మొదట్లో అది చానెల్ చూడటం అని ఉంటుంది, రికార్డు అని కాదు. మీరు చానెల్, తేదీ, టైమ్ అన్నీ సరిగ్గా పెట్టి ఆ గడి మార్చకపోతే బాక్సు ఠంచనుగా లేచి, యాదగిరి చానెల్ పెట్టి, ఎవరూ లేని హాల్లో ఆరిపోయిన టీవీకి కల్యాణం అంతా చూపించి, మళ్లీ పడుకుంటుంది. చెప్పింది చెప్పినట్టు చేసింది కదా, దాన్ని తిట్టడానికి కూడా లేదు.

ప్రత్యక్ష ప్రసారానికి ముందూ వెనకా వెసులుబాటు ఇవ్వండి. ముహూర్తం మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో అభిజిత్ లగ్నానికే అయినా, కల్యాణానికి ముందు ముచ్చట్లు, వ్యాఖ్యాతల మాటలు కూడా మీ అత్తగారికి కావాలి. పదింటికి మొదలుపెట్టి ఒకటిన్నర దాకా పెట్టండి. మరునాటి పట్టాభిషేకం కూడా కావాలంటే దానికి వేరే టైమర్ పెట్టండి, రోజూ అని మాత్రం పెట్టకండి. చాలాసేపు రిమోట్ నొక్కకపోతే దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఏదైనా మెనూలో కనిపిస్తే తీసేయండి.

ఇక చోటు లెక్క. మామూలు నాణ్యత చానెల్ సెకనుకు 4 మెగాబిట్లు అనుకుంటే గంటకి 1.8 జీబీ. మూడున్నర గంటలకి 6 జీబీ పైచిలుకు. 32 జీబీ పెన్‌డ్రైవ్ చాలదా అంటే చోటు చాలుతుంది, కానీ అది ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయ్యుంటే ఒక్కో ఫైలు 4 జీబీ దాటదు. కొన్ని బాక్సులు ఫైలుని ముక్కలు చేసుకుంటూ పోతాయి. కొన్ని ఆగిపోతాయి. పదింటికి మొదలైన రికార్డింగ్‌కి ఆ 4 జీబీ ఎప్పుడు నిండుతుందో లెక్క వేయండి, పన్నెండుంబావు దాటాక. మాంగల్యధారణ, తలంబ్రాలు జరిగే ఘడియల్లో. అందుకే రికార్డింగ్ పెన్‌డ్రైవ్‌ని బాక్సులోనే ఫార్మాట్ చేసుకోండి, ఎన్‌టీఎఫ్ఎస్ అవకాశం ఇస్తే అది ఎంచుకోండి. హార్డ్‌డిస్క్ వాడాలనుకుంటే సొంత అడాప్టర్ ఉన్నదే తీసుకోండి. బాక్సు యూఎస్‌బీ ఇచ్చే అర ఆంపియర్ చాలక చిన్న డిస్కులు టిక్కుటిక్కుమంటూ ఆగిపోతాయి. ఫుట్‌పాత్ మీద మూడొందలకి అమ్మే 512 జీబీ పెన్‌డ్రైవ్‌లని నమ్మకండి. పైన రాసిన అంకె లోపల ఉండదు.

కరెంటు

ఇప్పుడు మొదటికొద్దాం. మెయిన్ ఆపేసే అలవాటు. డిష్ బాగుండి, బాక్సు బాగుండి, టైమర్ గడులన్నీ సరిగ్గా ఉండి, ఆఖరి నిమిషంలో ఇంటాయన చెప్పులతో లోపలికొచ్చి మెయిన్ దించేస్తే అన్నీ అయిపోయినట్టే. ఆ పని ఆయన ఆలోచించి చేయడు, చెయ్యే వెళ్లిపోతుంది. కాబట్టి ఆయనకి చెప్పి ఊరుకుంటే చాలదు. హాలుకి వెళ్లే ఎంసీబీ ఏదో ముందే కనుక్కుని, మిగతావి ఒక్కొక్కటిగా దించి, ఆ ఒక్కదాని మీద తెల్ల ప్లాస్టర్ అంటించి ‘ఆపొద్దు’ అని రాయండి. గీజరు, మోటారు ఎలాగూ వేరే వాటి మీద ఉంటాయి. పాతకాలపు ఇల్లయి ఒకటే ఫ్యూజు ఉంటే, మిగతా ప్లగ్గులన్నీ పీకి బాక్సుది ఉంచండి. టీవీ ప్లగ్ కూడా పీకొచ్చు. రికార్డింగ్‌కి టీవీ అక్కర్లేదు. ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా సగం మంది నమ్మరు.

మీరు ఆపకపోయినా కరెంటు దానంతటది పోతుంది. వేసవి మొదలు, ఈదురు గాలులు, లైను మరమ్మతులు. అది మళ్లీ వచ్చినప్పుడు బాక్సు ఏం చేస్తుందన్నదే అసలు పరీక్ష. ఎర్ర లైటు పెట్టుకుని స్టాండ్‌బైలోకి పోయే రకం బాక్సుల్లో కొన్నిటికి లోపల బ్యాటరీ ఉండదు. ఏదో ఒక చానెల్ పెట్టేదాకా వాటికి టైమ్ తెలియదు. టైమ్ తెలియని బాక్సు పదింటికి ఎలా లేస్తుంది? దానంతటదే లేచి చానెల్ పట్టుకునే రకం అయితే నిమిషంలో గడియారం సరిచేసుకుంటుంది. దుకాణంలో ప్లగ్ పీకించింది ఇందుకే. మీకు దొరికింది మొదటి రకమే అయితే, ఊరెళ్లేటప్పుడు స్టాండ్‌బైలో పెట్టకుండా చానెల్ పెట్టి అలాగే వదిలేసి, దాని కింద ఒక చిన్న యూపీఎస్ పెట్టండి.

చిన్న యూపీఎస్ అంటే కంప్యూటర్‌ది కాదు. వైఫై రూటర్ల కోసం అమ్మే అరచేతిలో పట్టే 12 వోల్టుల డబ్బా. మీ బాక్సు అడాప్టర్ కూడా 12 వోల్టులదే అయి, ఆంపియర్లు సరిపోతే నేరుగా పనిచేస్తుంది. డిష్ మీది ఎల్ఎన్‌బీకి కరెంటు బాక్సు నుంచే వైరు గుండా పోతుంది కాబట్టి విడిగా ఏమీ అక్కర్లేదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే మంచిదే, కానీ కరెంటు మారే క్షణంలో కొన్ని బాక్సులు తుళ్లిపడి మళ్లీ మొదలవుతాయి. మీది అలాంటిదో, కాదో మెయిన్ దించి చూసుకోండి. బాక్సు మీద కప్పిన లేసు గుడ్డ కూడా తీసేయండి. మార్చి ఎండలకి మూసిన ఇంట్లో దానికి గాలాడాలి.

ఇంట్లోంచి బయటికి నడవండి

ఇంతవరకూ చెప్పినవి ఎవరైనా ఓపిక ఉంటే చేస్తారు. చేసి, సోఫాలో కూర్చుని, పది నిమిషాల తర్వాతకి టైమర్ పెట్టి, ఎర్ర చుక్క రాగానే "పనిచేస్తోంది" అని లేస్తారు. అది పరీక్ష కాదు. మీరు ఎదురుగా ఉన్నప్పుడు మీకు తెలియకుండానే బాక్సుకి సాయం చేస్తారు. రికార్డింగ్ మొదలుపెట్టమంటారా అని తెర మీద అడిగితే ఓకే నొక్కుతారు. గడియారం తప్పుంటే దిద్దుతారు. పెన్‌డ్రైవ్ వదులుగా ఉంటే అదుముతారు. ఆ తర్వాత ఆ సంగతే గుర్తుండదు. మీ సాయంతో పనిచేసిన బాక్సు మీరు లేకుండా పనిచేస్తుందని నమ్మి రైలెక్కేస్తారు. పిల్లలకి, కింది ఉద్యోగులకి పని నేర్పేవాళ్లు చేసేదీ ఇదే. పక్కన నిలబడి, తడబడిన చోటల్లా అందించి, వీడికి వచ్చేసిందంటారు.

కాబట్టి ప్రయాణానికి వారం ముందు ఒక రోజు, కల్యాణం రోజున ఎలా ఉంటుందో అచ్చం అలా చేయండి. పొద్దున పది నుంచి ఒకటిన్నర దాకా అదే చానెల్‌కి టైమర్. టీవీ ప్లగ్ పీకి, ఎంసీబీలు దించి, ‘ఆపొద్దు’ దాన్ని ఉంచి, తాళం వేసి వెళ్లిపోండి. ఎక్కడికైనా సరే. కానీ తొమ్మిదింటికి పక్కింటివాళ్లని పిలిచి, ఆ ఎంసీబీని కూడా ఐదు నిమిషాలు దించి పైకెత్తమని చెప్పి వెళ్లండి. సాయంత్రం వచ్చాక ఫైలు తెరిచి మొదలు, నడుమ, చివర చూడండి. మొదలు ఒక్కటే చూస్తే 4 జీబీ దగ్గర ఆగిన సంగతి తెలియదు.

పక్కింటివాళ్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి చెబుతున్నాను. తాళంచెవి ఎవరికిస్తున్నారో వాళ్లకి ఒకే ఒక పని చెప్పండి.

"పిన్నిగారూ, నవమి రోజు తొమ్మిదిన్నరకి ఒక్కసారి తలుపు తీసి ఈ లైటు పచ్చగా ఉందో లేదో చూస్తారా?"

"లేకపోతే టీవీ పెట్టమంటావా?"

"వద్దండీ, టీవీ జోలికి వెళ్లొద్దు. ఈ స్విచ్ ఒకసారి ఆపి వేసి, నాకు ఫోన్ చేయండి చాలు."

అంతకు మించి వద్దు. రిమోట్ చేతికిచ్చి మెనూలు వివరించారంటే ఆవిడ మంచితనం కొద్దీ ఏదో ఒకటి సరిచేస్తారు. అదే మాట కాగితం మీద పెద్దక్షరాలతో రాసి స్విచ్‌బోర్డు పక్కన అంటించండి. మొక్కలకి నీళ్లు పోయడానికొచ్చే పనిమనిషి, కరెంటు వృథా అవుతోందని జాలిపడి స్విచ్ ఆపకుండా ఆ కాగితమే ఆపుతుంది.

మీ చేతిలో లేనిది ఒకటి మిగిలే ఉంది. ఫ్రీ డిష్‌లో ఏడాది వేలం చోట్లు ఏప్రిల్ 1 నుంచి లెక్క. చానెళ్ల వరసలు ఆ ప్రాంతంలోనే మారుతుంటాయి, శ్రీరామనవమి కూడా ఆ చుట్టుపక్కలే వస్తుంది. 2025లో ఏప్రిల్ 6న వచ్చింది. మీరు మార్చి 30న ఊరెళితే, మీరు పెట్టిన నంబరులో ఆరో తేదీకి ఇంకేదో చానెల్ ఉండొచ్చు. దీనికి బాక్సులో మందు లేదు. ఊళ్లో ఉండే తమ్ముడికో, మేనల్లుడికో ఆ రోజు వాళ్లింట్లో కూడా రికార్డు పెట్టమని ముందే చెప్పి ఉంచండి. పెట్టకపోతే నిష్ఠూరాలాడకండి.

తిరిగొచ్చాక బట్టల సంచులు విప్పకముందే పెన్‌డ్రైవ్ తీయాలనిపిస్తుంది. ముందు బాక్సులోనే ఆడించి చూడండి, తర్వాత కంప్యూటర్‌లోకి ఒక నకలు తీసుకోండి. టీఎస్ ఫైలు అయితే వీఎల్‌సీలో హాయిగా ఆడుతుంది. సొంత పద్ధతిలో రాసే బాక్సు అయితే ఆ ఫైలు దాంట్లోనే ఆడుతుంది, దాన్ని అలాగే ఉంచుకోవాలి. అలాంటి పెన్‌డ్రైవ్‌ని కంప్యూటర్‌కి పెట్టినప్పుడు ఫార్మాట్ చేయమంటారా అని అడగొచ్చు. వద్దని నొక్కి, తీసి మళ్లీ బాక్సుకే పెట్టండి.